ఒక్క పాట హీరోల్లో నంబర్ వన్ ఎవరు? క్యాసెట్ షాపు నడిపినవాడి లెక్క

ఇక్కడ ఒక తమ్ముడు పెట్టిన ప్రశ్న ఇది. ఒకే ఒక్క పాటతో ఊపేసి, మళ్ళీ అంత పాట ఇవ్వలేకపోయిన పాప్ వాళ్ళలో మొదటి స్థానం ఎవరిది? సినిమా పాటలు కలపకూడదట. రూంలో ముగ్గురూ రాత్రంతా వాదించుకున్నారట. ఒకడు మకరేనా అంటాడు, ఒకడు గ్యాంగ్నమ్ స్టైల్ అంటాడు, ఈ తమ్ముడేమో టేక్ ఆన్ మీ తప్ప ఇంకోటి ఒప్పుకోడు. దానికి ఒకాయన "ఇందులో తేల్చడానికేముంది, అంతా లక్కు" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయాడు. ఆ ముక్క లేకపోతే నేను చదివి ఊరుకునేవాణ్ణే.

నీకేం తెలుసని అడగొచ్చు. కావలి ట్రంకు రోడ్డులో 1988 నుంచి 2003 దాకా క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపాను. పది అడుగుల గది, రెండు డబుల్ డెక్కులు, గోడ నిండా క్యాసెట్లు, కౌంటర్ మీద దారంతో కట్టేసిన లిస్టు పుస్తకం. పాటకి రూపాయి, ఖాళీ క్యాసెట్ డబ్బులు వేరే. సీ-60, అంటే గంట క్యాసెట్ అయితే పక్కకి ఆరు పాటలు, ఇరికిస్తే ఏడు. దొంగ పనే, ఒప్పుకుంటున్నా, కాపీరైట్ అనేది ఒకటుందని మాకు అప్పట్లో పట్టేది కాదు. ఎక్కువగా అడిగేది తెలుగు సినిమా పాటలు, ఆ తర్వాత హిందీ. ఇంగ్లీషు పాటలు అడిగేది జవహర్ భారతి కాలేజీ కుర్రాళ్ళు, వాళ్ళ కోసం నెలకోసారి రైలెక్కి మద్రాసు పోయి బర్మా బజారులో వెతికి తెచ్చేవాణ్ణి. ఏ పత్రికలోని టాప్ టెన్ లిస్టూ చెప్పని సంగతి ఒకటి ఆ కౌంటర్ వెనక కూర్చుంటే తెలిసేది. ఒక పాట రికార్డు చేసి ఇచ్చి, "అదే గొంతుది ఇంకోటి ఉంది, వేయనా?" అని అడగాలి. "వద్దన్నా, అదే రెండుసార్లు వెయ్" అన్నాడంటే, ఆ గాయకుడు ఒక్క పాట మనిషి. నా మొదటి పరీక్ష ఇదే.

మాది బాలు గారి జిల్లా. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో వాళ్ళ ఇంటిని 2020లో వేద పాఠశాలకి ఇచ్చేశారు, ఆ పక్కకి పోయినప్పుడల్లా ఒక్క గొంతు అన్ని వేల పాటలు ఎట్టా మోసిందా అనుకుంటాను. అట్లాంటాయన జిల్లాలో ఉండి ఒక్క పాటోళ్ళ గురించి ఇంత రాయడం కొంచెం ఎబ్బెట్టే. కానీ నా షాపులో ఆయన క్యాసెట్ పక్కనే వీళ్ళ క్యాసెట్టూ ఉండేది, రీలు రెండింటిదీ అరిగేది.

వాదించుకునే ముందు ఒక చిక్కు విప్పాలి. ఒక్క పాట అంటున్నారు సరే, ఎక్కడ ఒక్క పాట? అమెరికా వాళ్ళ లెక్కలో హిట్ పాటల పట్టికలో టాప్ 40లోకి ఒకే ఒక్కసారి వచ్చినవాళ్ళు వన్ హిట్ వండర్లు. ఆ లెక్కన తమ్ముడి టేక్ ఆన్ మీ బ్యాండు ఆ-హా అసలు ఈ జాబితాలోకే రాదు. వాళ్ళ తర్వాతి పాట ది సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టీవీ అమెరికాలో 20వ స్థానం దాకా పోయింది, బ్రిటన్‌లో అయితే నంబర్ వన్. 1987లో జేమ్స్ బాండ్ సినిమాకి టైటిల్ పాట పాడింది కూడా వాళ్ళే. సొంత దేశం నార్వేలో వాళ్ళని ఒక్క పాటోళ్ళు అంటే కొడతారు. టేక్ ఆన్ మీ మీద నాకు గౌరవం లేక కాదు. 1984లో మొదట వదిలినప్పుడు ఆ పాట ఆడలేదు, మళ్ళీ రికార్డు చేసి, పెన్సిల్ బొమ్మలు కదిలే ఆ వీడియో తీసి 1985లో వదిలితే అప్పుడు అంటుకుంది. గొప్ప పాట, కాకపోతే ఈ పోటీలో కాదు.

గ్యాంగ్నమ్ స్టైల్ సంగతీ ఇంతే. దాన్ని పాడిన సై కొరియాలో 2001 నుంచే ఉన్నాడు. 2012 జూలైలో ఈ పాట వచ్చింది, ఆ డిసెంబరు 21కి యూట్యూబులో వంద కోట్ల వ్యూస్ దాటిన మొట్టమొదటి వీడియో అయింది. అంత చేసినా అమెరికాలో రెండో స్థానంతోనే ఆగిపోయింది, చాలామంది నంబర్ వన్ అయిందనుకుంటారు. మరుసటి ఏడు వచ్చిన జెంటిల్‌మన్ ఐదో స్థానానికి వెళ్ళింది. రెండో పాట టాప్ ఫైవ్‌లో ఉన్నవాణ్ణి ఒక్క పాటోడని ఎట్టా అంటాం? బార్బీ గర్ల్ పాడిన ఆక్వాకి బ్రిటన్‌లో ఒకదాని తర్వాత ఒకటి మూడు నంబర్ వన్‌లు ఉన్నాయి, మనకి ఒకటే తెలుసు.

కాబట్టి ఈ జాబితా నిలబడ్డ చోటుని బట్టి మారుతుంది. నేను నిలబడ్డది కావలి ట్రంకు రోడ్డులో. నా లెక్క అక్కణ్ణించే, న్యూయార్క్ లెక్క కావాలంటే వేరేవాళ్ళని అడగండి.

ఇక రెండో పరీక్ష. బ్యాండు మేళం పరీక్ష. నా షాపు పక్క సందులో ఒక బ్యాండు సెట్టు వాళ్ళు ఉండేవాళ్ళు. క్లారినెట్ వాయించే పెద్దాయన్ని మేమందరం మామా అని పిలిచేవాళ్ళం. పెళ్ళిళ్ళ సీజను మొదలవుతుందంటే నా దగ్గరికి వచ్చి కౌంటర్ పక్క స్టూలు మీద కూర్చుని, "ఈసారి పిల్లకాయలు ఏం అడగతారబ్బయా?" అనేవాడు. నేను పాట వేస్తే కళ్ళు మూసుకుని రెండుసార్లు వినేవాడు, మూడోసారికి వేళ్ళు మోకాలి మీద కదిలేవి, అంతే, నేర్చుకున్నట్టే. నొటేషన్ లేదు, పాడు లేదు. ఆయన దగ్గరే నాకు ఈ పరీక్ష దొరికింది. పాటలోంచి మాటలు తీసెయ్, గొంతు తీసెయ్, వీడియో తీసెయ్, గిటార్లు కీబోర్డులు తీసెయ్. ఒక క్లారినెట్టు, రెండు ట్రంపెట్లు, సైడ్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము మిగలాలి. రాత్రి పదకొండింటికి ట్యూబ్‌లైట్ల వెలుతురులో ఊరేగింపు ముందు దాన్ని వాయిస్తే, అది ఏ దేశం పాటో తెలియని మేనమామలు కాలు కదపాలి. కదిపితే పాసు.

గ్యాంగ్నమ్ స్టైల్ ఈ పరీక్షలోనూ తప్పింది. అందులో దరువు ఎక్కువ, రాగం తక్కువ. ఆ ఏడు ఒక పెళ్ళిలో కుర్రాళ్ళు పట్టుబడితే మామ వాయించాడు, వాళ్ళు గుర్రం ఎక్కినట్టు ఎగిరారు గానీ, "ఇందులో నేను వాయించడానికి ఏముంది, డ్రమ్ములోడికి ఇచ్చెయ్యండి" అని క్లారినెట్టు తుడుచుకుంటూ పక్కకి వచ్చేశాడు.

మకరేనా మాత్రం దర్జాగా పాసైంది. 1996 ఆఖరులో అనుకుంటా, బర్మా బజారు నుంచి ఆ క్యాసెట్ తెచ్చిన వారంలో ముప్ఫై కాపీలు చేశాను. ఇక్కడే "అంతా లక్కు" అన్నాయనకి చెప్పాల్సింది ఉంది. ఆ పాట పాడిన లోస్ దెల్ రియో అంటే స్పెయిన్‌లో సెవిల్ దగ్గర దోస్ హెర్మానాస్ అనే ఊరివాళ్ళు ఇద్దరు. 1962 నుంచి జంటగా పాడుతున్నారు. వెనిజులాలో ఒక విందుకి వెళ్ళి అక్కడ ఒకావిడ ఫ్లమెంకో డాన్సు చూసి అప్పటికప్పుడు అనుకున్న పల్లవి అది. 1993లో పాట వచ్చింది. తర్వాత అమెరికాలో బేసైడ్ బాయ్స్ అనే వాళ్ళు మధ్యలో ఆడగొంతుతో ఇంగ్లీషు చరణాలు కలిపి దరువు మార్చారు, అది 1996లో అమెరికాలో 14 వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది. వీడియో చూశారుగా, సూట్లు వేసుకున్న ఇద్దరు నడివయసు మనుషులు, మన పెళ్ళిళ్ళలో వియ్యంకుల్లాగా ఉంటారు. 34 ఏళ్ళు ఊరూరా పాడాక తగిలినదాన్ని లక్కు అంటే, మరి పంట పండితే కూడా లక్కే అనాలి.

పైగా ఆ పాటలో కథ ఏంటో తెలుసా? ప్రియుడు మిలిటరీలో చేరుతున్న సమయానికి ఆ మకరేనా అనే పిల్ల అతని స్నేహితులతో షికార్లు కొడుతుంది. అల్లూరులో ఒక పెళ్ళి ఊరేగింపులో ఆ పాటకి పెళ్ళికొడుకు తరఫు పెద్దవాళ్ళంతా చేతులు ముందుకి చాపి, తలమీద పెట్టుకుని, నడుం తిప్పుతుంటే నేను పక్కనే ఉన్నా. అర్థం తెలిసుంటే అక్కడికక్కడే బ్యాండు ఆపించేవాళ్ళు.

లక్కు అనేదే లేదని కూడా నేను అనను. కుంగ్‌ఫూ ఫైటింగ్ తీసుకోండి. 1974 పాట, పాడింది కార్ల్ డగ్లస్ అనే జమైకా మనిషి, దాని వెనకున్నది మన బెంగళూరు కుర్రాడు బిద్దు. ఇంగ్లండు పోయి స్థిరపడ్డాడు. స్టూడియోలో అసలు పాట వేరే ఉంది, దాని మీదే టైమంతా పెట్టారు, రికార్డుకి రెండో పక్క ఏదో ఒకటి కావాలి కాబట్టి చివర్లో మిగిలిన పది నిమిషాల్లో దీన్ని కానిచ్చేశారు. ఆ హూ, హా అరుపులన్నీ అట్లా సరదాకి వచ్చినవే. కంపెనీవాళ్ళు విని రెండో పక్కని మొదటి పక్క చేశారు, అమెరికాలో నంబర్ వన్, బ్రిటన్‌లో నంబర్ వన్. సరే, కార్ల్ డగ్లస్ వరకు లక్కు అనుకుందాం. మరి అదే బిద్దు 1980లో ఖుర్బానీకి ఆప్ జైసా కోయీ ఇచ్చాడు, 1995లో అలీషా చినాయ్‌తో మేడ్ ఇన్ ఇండియా ఇచ్చాడు. లండన్‌లో, బొంబాయిలో ఒకే మనిషికి లక్కు పదేపదే తలుపు తడుతోందంటే ఆ తలుపు దగ్గర ఆయన ఎప్పుడూ మెలకువగా ఉన్నాడని అర్థం. ఒక్క పాట హీరో అని మనం అనేది పాడినవాణ్ణి, చేసినవాడు చాలాసార్లు వెనకాల అద్దం గదిలో ఉంటాడు.

వీడియో కిల్డ్ ది రేడియో స్టార్ అని ఇంకో పాట ఉంది. 1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైనప్పుడు వేసిన మొట్టమొదటి వీడియో అదే. పాడిన బగుల్స్ బ్యాండుకి జనంలో అంతటి పాట ఇంకోటి లేదు, కానీ అందులో ట్రెవర్ హార్న్ తర్వాత ఇంగ్లండులో పెద్ద నిర్మాత అయ్యాడు, వేరేవాళ్ళ చేత హిట్లు పాడించాడు. వీడియో వచ్చి రేడియో గాయకుణ్ణి చంపేసిందని దాని భావం. ఒక్క ఎంపీత్రీ సీడీలో 150 పాటలు పట్టడం మొదలైన రోజుల్లో నేను ఆ పాట కొంచెం ఎక్కువే విన్నాను లెండి.

డోంట్ వర్రీ బీ హ్యాపీ గురించి ఆగి చెప్పాలి. 1988. అందులో ఒక్క వాయిద్యం లేదు, చాలామంది గమనించరు. ఆ బేసు, ఆ దరువు, ఈల, వెనక గొంతులు, అన్నీ బాబీ మెక్‌ఫెరిన్ ఒక్కడే, ట్రాకు మీద ట్రాకు వేసుకుంటూ పాడాడు. వాయిద్యం లేకుండా అమెరికాలో నంబర్ వన్ అయిన మొదటి పాట, మరుసటి ఏడు అమెరికా సంగీత బహుమతులు గ్రామీల్లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్, సాంగ్ ఆఫ్ ది ఇయర్ రెండూ ఊడ్చుకుపోయింది. ఆ పల్లవి మన మెహెర్ బాబా మాట, ఆయన బొమ్మ ఉన్న పోస్టరు మీద చూసి తీసుకున్నాడు. కోస్తాలో మెహెర్ బాబా భక్తులు చాలామంది ఉన్నారు, నాకు తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారు ఆ సంగతి తెలుసుకుని క్యాసెట్ రెండు పక్కలా అదొక్కటే పాట నింపించుకున్నాడు. సీ-60 మొత్తం! నేను డెక్కు దగ్గర కూర్చుని పన్నెండుసార్లు నొక్కాను, పదోసారికి నాకు వర్రీ మొదలైంది. మెక్‌ఫెరిన్ మాత్రం ఆ పాట వెంట పరిగెత్తలేదు, జాజ్‌లో తన దారిన తను పోయాడు. ఒక్క పాటోళ్ళలో మనశ్శాంతిగా బతికింది ఈయనేననిపిస్తుంది.

మాంబో నంబర్ ఫైవ్, హూ లెట్ ది డాగ్స్ అవుట్, రెండూ ఎగిరే పాటలే, రెండూ వేరేవాళ్ళ పాటల మీద కట్టినవే. మొదటిదాన్ని 1949లోనే పెరెజ్ ప్రాడో వాయించాడు, రెండోది ట్రినిడాడ్ గాయకుడిది. క్రికెట్ మ్యాచుల్లో తప్ప నేను వాటిని మళ్ళీ వినను.

కెచప్ పాట మీద మాత్రం నాకు ప్రత్యేకమైన ఇష్టం. 2002లో స్పెయిన్ నుంచే, కోర్డోబాకి చెందిన అక్కచెల్లెళ్ళు. వాళ్ళ నాన్న గిటారు వాయిద్యకారుడు, ఆయన ముద్దుపేరు టొమాటో, అందుకని కూతుళ్ళు కెచప్ అయ్యారు. ఆ పల్లవిలో ఉన్నది ఏ భాషా కాదు. 1979 నాటి ఒక అమెరికన్ ర్యాప్ పాటని ఇంగ్లీషు రాని కుర్రాడు డాన్సు క్లబ్బులో విని తనకి వినపడ్డట్టు పాడుకుంటే ఎట్లా ఉంటుందో అదీ పల్లవి. నాకు నవ్వు ఆగలేదు, ఎందుకంటే సరిగ్గా అదే పని నేను చేశాను. ఒంగోలు నుంచి ఒక ఆర్కెస్ట్రా వాళ్ళు వచ్చేవాళ్ళు, వాళ్ళ గాయకుడికి ఇంగ్లీషు చదవడం అంతగా రాదు. క్యాసెట్ ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, నాకు వినపడ్డది వినపడ్డట్టు తెలుగులో రాసిచ్చేవాణ్ణి. నాకూ సగం అర్థమయ్యేది కాదు, అర్థం కానిచోట ఏదో ఒకటి నింపేసేవాణ్ణి. ఒకసారి ఒక పాటలో "రారా మావా" అని స్పష్టంగా వినపడితే అదే రాశాను. కందుకూరులో స్టేజీ మీద అతను అక్కడికి వచ్చేసరికి జనం విజిల్స్ కొట్టి మళ్ళీ పాడించుకున్నారు. ఇప్పటికీ ఆ లైను అసలు ఏంటో నేను వెతకలేదు, వెతకను కూడా.

మనవాళ్ళ సంగతికి వస్తే, తెలుగులో విడిగా పాప్ అనేది నిలదొక్కుకోలేదు, హిట్టయిన గొంతుని సినిమా వెంటనే లాగేసుకుంటుంది. హిందీ పాప్‌దీ చాలావరకు అంతే. దూరదర్శన్‌లో సూపర్ హిట్ ముకాబ్లా రోజుల్లో బాబా సెహగల్ ఠండా ఠండా పానీ అంటే ఇతను ఇక్కడితో సరి అనుకున్నాను, ఆయన తర్వాత తెలుగు సినిమాల్లోకే వచ్చి పాడాడు. నా అంచనా తప్పు. నా కౌంటర్ దగ్గర అసలైన ఒక్క పాట మనిషి అల్తాఫ్ రాజా. తుమ్ తో ఠహరే పర్‌దేశీ. పది నిమిషాలు దాటే పాట, అడిగేది కుర్రాళ్ళు కాదు, లారీ డ్రైవర్లు. కావలి నుంచి నెల్లూరు దాకా హైవే మీద ధాబాల్లో ఆ ఏడాది ఇంకో పాట వినపడితే ఒట్టు. హిందీ ఒక్క ముక్క రాని మా ఉదయగిరి వైపు డ్రైవరు ఒకాయన ఆ పాటలో నెలల పేర్లు వచ్చే చోట మాత్రం గొంతు కలిపేవాడు. ఉత్తరాది వాళ్ళు ఆయనవి ఇంకా పాటలున్నాయి అంటారు. ఉండొచ్చు, నా లిస్టు పుస్తకంలో లేవు.

సినిమా పాటలు కలపకూడదన్నారు గానీ మిన్మిని పేరు చెప్పకుండా ముందుకి పోలేను. 1992 రోజా, రహమాన్‌కి మొదటి సినిమా, తెలుగులో రాజశ్రీ గారి మాటలు, చిన్ని చిన్ని ఆశ. ఆ గొంతు విని ఎంతమంది ఆడపిల్లలు "ఆ అమ్మాయివి ఇంకేం ఉన్నాయి?" అని అడిగారో. గమనించారా, ఇక్కడ పరీక్ష తిరగబడింది. అడిగేవాళ్ళు ఉన్నారు, ఇవ్వడానికి నా దగ్గరే లేవు. తర్వాత ఆమె గొంతు దెబ్బతిని ఏళ్ళ తరబడి పాటకి దూరమైంది, ఆ తర్వాతెప్పుడో మళ్ళీ పాడింది. ఈమెని ఎవరైనా వన్ హిట్ వండర్ అని నవ్వుతూ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఆమెకి ర్యాంకు ఇవ్వను, పక్కన పెడతాను.

ఇక నా వరస చెప్పేస్తా. ఐదు అల్తాఫ్ రాజా, నాలుగు కుంగ్‌ఫూ ఫైటింగ్, మూడు డోంట్ వర్రీ బీ హ్యాపీ, రెండు మకరేనా. మొదటిది మీ ముగ్గురిలో ఒక్కరూ ఎత్తని పాట, లంబాడా. కయోమా అనే బ్యాండుది, 1989.

మీరు పుట్టకముందు పాట కాబట్టి తెలియకపోవచ్చు, కానీ విన్నారు. 1990లో ఘాయల్ సినిమాలో ఆ బాణీనే హిందీలో దించారు, 2011లో జెన్నిఫర్ లోపెజ్ ఆన్ ది ఫ్లోర్‌లో వినపడేదీ అదే. ఆ అకార్డియన్ మోత మొదలైతే గుర్తుపట్టనివాళ్ళు ఉండరు. షాపులో ఆ పేరుతో పెద్ద గందరగోళం అయ్యేది. మార్కాపురం వైపు తండా నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న కుర్రాడు ఒకడు, "మా లంబాడీల పాట ఫారిన్‌లో వచ్చిందంట కదన్నా" అని ఎంతో సంబరంగా కొనుక్కుపోయాడు. మర్నాడు వచ్చి, "మాది కాదన్నా, గానీ బాగుంది, ఉంచుకుంటా" అన్నాడు. కయోమావి వేరే పాటలు వేయనా అంటే నా కౌంటర్ దగ్గర ఒక్కరంటే ఒక్కరు ఊ అనలేదు. ఫ్రాన్సులో వాళ్ళ రెండో పాట కూడా ఆడిందట, ఆడనివ్వండి.

బ్యాండు మేళం పరీక్షలో దానికి నూటికి నూరు. కానీ మామ మొదటిసారి విన్నప్పుడే తల అడ్డంగా ఊపాడు. "ఇది ఎగిరే పాట కాదబ్బయా, ఏడుపు పాట. దరువు ఎక్కించి మోసం చేశారు." నేను నవ్వాను. టీవీలో ఆ వీడియోలో సముద్రం ఒడ్డున పిల్లలు, ఆడవాళ్ళు గిరగిరా తిరుగుతుంటే ఏడుపు ఎక్కడిది? ఆయన వాదించలేదు. ఆ వేసవిలోనే కోవూరు దగ్గర ఒక పెళ్ళిలో తెల్లవారుజామున అప్పగింతలు. ఆ టైముకి బ్యాండువాళ్ళు మామూలుగా పాత సినిమా పాట ఏదో వాయిస్తారు. మామ డ్రమ్ములు ఆపమని చెయ్యెత్తి, ఒక్క క్లారినెట్టు మీద లంబాడా ఎత్తుకున్నాడు, సగానికి సగం వేగం తగ్గించి. రాత్రి అదే పాటకి ఎగిరిన కుర్రాళ్ళు కూడా పోల్చుకోలేదు. పెళ్ళికూతురి తండ్రి పంచె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను పోల్చుకున్నాను, నాకు నోట మాట రాలేదు.

తర్వాత చాలా ఏళ్ళకి, షాపు మూసేశాక, ఫోనులో యూట్యూబు వచ్చాక తెలిసింది అసలు సంగతి. ఆ బాణీ కయోమాది కాదు. 1981లో బొలీవియాలో లోస్ కర్కాస్ అనే బృందం చేసిన పాట, పేరు ల్యోరాందో సె ఫ్యుయే. ఏడుస్తూ వెళ్ళిపోయింది అని అర్థం. కొండ ప్రాంతపు వాయిద్యాల మీద మెల్లగా నడిచే పాట. ఫ్రాన్సులోని నిర్మాతలు చెప్పాపెట్టకుండా దాన్ని తీసుకుని దరువు పెంచారు, బొలీవియా వాళ్ళు కోర్టుకెక్కి గెలిచారు. దొంగ పాటకి మొదటి ర్యాంకేంటి అని అడుగుతారు, నాకు తెలుసు. పదిహేనేళ్ళు దొంగ క్యాసెట్లు అమ్మినవాణ్ణి, ఆ తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. బాణీకి ఇస్తున్నా ర్యాంకు, పేరు ఎవరిది రాసుకుంటారో మీ ఇష్టం.

ఆ పాట దొరికిన సాయంత్రమే ఫోను పట్టుకుని మామ ఇంటికి పోయాను. పళ్ళు ఊడిపోయాక క్లారినెట్టు ఊదడం కుదరక పెట్టెలో పెట్టేశాడు. అరుగు మీద కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నాడు. మోకాలి మీద వేళ్ళు కదిలాయి. "నే చెప్పలా" అంటాడేమోనని చూస్తున్నాను. అనలేదు. ఫోను నా చేతికిచ్చి, "వీళ్ళది ఇంకోటి ఉంటే ఎయ్యబ్బయా" అన్నాడు.